నీచు వాసన లేని ఎర

సముద్రం ఒక పక్కన, మొగలిపొదలు మిగిలిన పక్కల కాపు కాసే చిన్న రాజ్యం ఒకటుండేది. పేరు మొగలిపురం. రాజ్యం చిన్నదే గాని, దాన్ని ఏలే ధీరసింహ భూపతి బిరుదులు మాత్రం చాలా పెద్దవి. వాటిని చదవడం మొదలుపెడితే, వినేవాళ్ళు మధ్యలో లేచి ఇంటికెళ్ళి మజ్జిగ తాగి తీరిగ్గా వచ్చి కూర్చోవచ్చు.

రాజుగారు చెడ్డవాడని నేననను. ఆకలంటే ఏమిటో తెలియని మనిషి, అంతే. తెలియని సంగతిని ఒకర్ని అడిగి తెలుసుకుందామన్న బుద్ధి లేకపోవడమే ఆయనతో వచ్చిన చిక్కు.

ఆయన కొలువులో తవిటినాయుడని ఒక చమత్కారి ఉండేవాడు. ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదని, వాళ్ళమ్మ ఇతన్ని పురిట్లోనే చేటెడు తవుడుకి పొరుగావిడకు అమ్మి, మళ్ళీ కొనుక్కుందట. అందుకే ఆ పేరు. "నేను తవుడు ధరకు అమ్ముడుపోయినవాణ్ణి ప్రభూ, నా మాటకు అంతకన్నా ఏం విలువుంటుంది?" అని తన మీద తనే హాస్యమాడేవాడు. ఆ మాటలకు రాజు కడుపు చెక్కలయ్యేలా నవ్వి, చేతికి ఏది దొరికితే అది బహుమానంగా ఇచ్చేవాడు.

అలాంటి మాటే ఒకటి ఒక ఊరి పొయ్యిలన్నీ ఆర్పేసింది. అదెలాగో చెబుతాను.

ఒకసారి పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చాడు. భోజనాల దగ్గర నెయ్యి వేయించుకుంటూ, "ఈమధ్య నేనే స్వయంగా గాలం వేసి ఒక పండుగప్ప చేపను పట్టాను. ఇంతుంది!" అని చెయ్యి భుజం దాకా చూపించాడు. ధీరసింహుడు తినబోతున్న ముద్దను ఆకులో పెట్టేశాడు.

"అదేమంత గొప్ప? రేపటి నుంచి మేమూ పడతాం. మాకు నిలువెత్తుది పడుతుంది!" అనేశాడు.

అనేశాక చెయ్యాలి కదా. మర్నాడే నది మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, చలువపందిరి వేశారు. వెండిముల్లుతో గాలం సిద్ధమైంది. ఒక బంటు చిప్పలో వానపాములు తెచ్చి వినయంగా ముందు పెట్టాడు. రాజు రెండు కాళ్ళూ పైకి లాక్కున్నాడు.

"మా గాలానికి వానపామా? మా పరువేం కావాలి? అంగడికి వెళ్ళి మేలురకం రొయ్యలు కొని తెండి!"

కొని తెచ్చారు. రాజు ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, అంతలోనే వదిలేశాడు.

"ఛీ! నీచు కంపు! మా చేతికి నీచు వాసన అంటడానికి వీల్లేదు!"

రాజాజ్ఞ వంటశాలకు వెళ్ళింది. వంటవాళ్ళు ఆ రొయ్యలకు తలలు తీసి, పొట్టు ఒలిచి, నల్లనరం లాగేసి, ఉప్పూ పసుపూ పట్టించి, నిమ్మరసంతో కడిగి, మళ్ళీ కడిగి, కళ్ళు మూసుకుని వాసన చూస్తే రొయ్యో మల్లెమొగ్గో తెలియకుండా చేసి వెండిపళ్ళెంలో పంపారు. పొట్టు తీసిన రొయ్య మెత్తగా ఉండి ముల్లు మీద నిలవదు. జారిపోతుంది. అందుకని ప్రతి రొయ్యనూ ఎర్ర పట్టుదారంతో ముల్లుకు కట్టేవాళ్ళు. చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉండేది.

రాజు గాలం వేశాడు. కూర్చున్నాడు. పొద్దు తిరిగింది. నీటి మీద తేలే బెండు కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. ఆ పై వారమంతా కదల్లేదు. పందిరి కింద విసనకర్రలు విసిరేవాళ్ళ చేతులు పడిపోతున్నాయి. మంత్రి, దండనాయకుడు, పురోహితుడు అందరూ నీళ్ళకేసి చూస్తూ, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూడకుండా కూర్చునేవాళ్ళు.

చివరికి రాజు గాలపు కర్రను ఇసకలో విసిరికొట్టాడు. "ఏం నాయుడూ! చేపలెందుకు రావు? మా గాలమంటే వాటికి లక్ష్యం లేదా?"

తవిటినాయుడికి ఆ పూట బాగా ఆకలిగా ఉంది. ఎండ మండిపోతోంది. రాజును నవ్విస్తే సభ ముగుస్తుంది, ఇంటికి పోవచ్చు. అతని మనసులో ఉన్నది అంతే.

"ఎంత మాట ప్రభూ! తమ గాలం దర్శనానికి చేపలన్నీ బారులు తీరి బయల్దేరాయి. దారిలో ఇసుకపాలెం జాలర్ల వలలు అడ్డం తగులుతున్నాయి. పాపం, అవి మాత్రం ఏం చేస్తాయి!"

అందరూ ఘొల్లున నవ్వారు. రాజు కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగాడు.

"నిజమే సుమా!" అన్నాడు. "ఈ ముక్క ఇంతమందిలో ఒక్కడికీ తట్టలేదు. చాటింపు వేయించండి! మా గాలానికి పండుగప్ప పడేదాకా ఇసుకపాలెం వాళ్ళు ఏటిలోగాని సముద్రంలోగాని వల వెయ్యరాదు, గాలం వెయ్యరాదు!"

అంటూనే తన వేలి కెంపుటుంగరం తీసి తవిటినాయుడి వేలికి తొడిగాడు.

"నేను హాస్యానికన్నాను ప్రభూ" అన్న మాట నాయుడి నాలిక చివరిదాకా వచ్చింది. కెంపు ఎండలో ధగధగ మెరుస్తోంది. రాజు ముఖం వెలిగిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు అసూయగా చూస్తున్నారు. అతను ఆ మాట మింగేసి, వంగి నమస్కారం పెట్టాడు. నోటికి ఎంత వస్తే అంత మాట్లాడే మనిషి, మాట్లాడాల్సిన ఆ ఒక్కసారీ నోరు మూసుకున్నాడు.

ఇసుకపాలెం పడవలు ఒడ్డుకెక్కాయి. ఊళ్ళో రొయ్యలు పట్టేవాళ్ళు లేకపోవడంతో, గాలానికి కావాల్సిన రొయ్యలు పొరుగు రాజ్యపు అంగడి నుంచి ఎడ్లబండి మీద రావడం మొదలుపెట్టాయి. ఆ కోతలు కోసిన రాజుగారి అంగడి నుంచే! అక్కడ కొనడం, ఇక్కడ కడగడం, దారం కట్టడం, నీళ్ళలో నానబెట్టడం, సాయంత్రం తీసి పారెయ్యడం. చేపలు మాత్రం రాలేదు.

నాయుడు కొన్నాళ్ళు ఇసుకపాలెం వైపు తల తిప్పలేదు. దారి ఎటున్నా చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. కానీ ఎవరైనా ఉంగరం చూసి "ఏ మాటకిచ్చారండీ?" అని అడిగినప్పుడల్లా ఒంట్లో ముల్లు విరిగినట్టుండేది. చివరికి ఒక మిట్టమధ్యాహ్నం, ఉంగరం రాయిని అరచేతి వైపు తిప్పుకుని, ఒంటరిగా పాలెం వెళ్ళాడు.

పడవలు బోర్లా పడి ఉన్నాయి. వలలు గుంజల మీద బిగిసిపోయి ఎండుతున్నాయి. ఎండుచేపల వాసన లేని పాలెం అతనెన్నడూ చూడలేదు. మగవాళ్ళంతా ఉప్పుమళ్ళలో కూలికి పోయారు. ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక నిలబడి ఉంటే, మొదటి గుడిసె గుమ్మంలోంచి ఒక ఆడమనిషి పిలిచింది. ఆమె పేరు పోలమ్మ.

"ఏటి బాబూ, ఎండన నిలుసున్నావు? లోనికొచ్చి కూకో. రెండు మెతుకులు తిని ఎల్దువు గాని."

వద్దనడానికి నోరు రాలేదు. కూర్చున్నాడు. ఆమె ఆకు వేసి గంజన్నం పెట్టి, పక్కన చింతపండు పులుసులో ఉడికిన రొయ్యలు వడ్డించింది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకునేసరికి నాయుడికి ప్రాణం లేచొచ్చింది. రాజుగారి పంక్తిలో కూడా అంత రుచి ఎరగడు. రెండో ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. వల వెయ్యరాదని ఆజ్ఞ ఉండగా ఈ ఇంట్లో రొయ్యలెక్కడివి?

అంతలో పోలమ్మ చంటిపిల్లాడు పాకుతూ వచ్చి అతని మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. ఒంటి మీద గుడ్డముక్క లేదు గాని, మొలకు ఎర్రటి పట్టు మొలతాడు ఉంది. చిన్నచిన్న దారపు ముక్కలు ముడివేసి పేనిన మొలతాడు. పాలెంలో నల్ల నూలుతాడే దిక్కు. పట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాయుడు తన ఆకులోకి చూశాడు. రొయ్యకు అంటుకుని సన్నటి ఎర్ర పోగు ఒకటి కనబడింది.

"అమ్మా, ఈ రొయ్యలెక్కడివి?"

గరిటె పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. "మావు వల ఎయ్యనేదు బాబూ. నా బిడ్డ మీద ఒట్టు."

"వేశావని నేననలేదు. ఎక్కడివని అడుగుతున్నాను."

పోలమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సందేళ రాజుగారి బంట్లు గాలం ఎరలు ఇసకలో పారబోసి ఎలిపోతారు. కుక్కలు మూతెట్టకముందే మా ఆడోళ్ళం ఎల్లి ఏరుకొత్తాం. ఒకలికొకలం సెప్పుకోం బాబూ. ఎదురుపడితే మొకం తిప్పేసుకుంటాం. రాజుగారి వంటింటికి గంపలు గంపలు రొయ్యలు మోసినోళ్ళం. ఇయ్యేల ఆ గాలం ఇదిలించిన ముక్కలు తింతన్నాం. సిగ్గు కాదేటి మరి?"

నాయుడు తలెత్తలేదు.

"ఇంటికొచ్చినోడివి, ఉత్త గంజెలా ఎట్టేది? అని ఎట్టేసాను. తప్పు కాయి బాబూ. అయితే ఎంగిలి మాత్రం కాదు. ఏ సేపా వాటికి మూతెట్టనేదు గదా!" అని కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కడుక్కునే పని కూడా నేదు. ఉప్పూ పసుపూ ఆలే రాసేసి ఉంచుతారు. నీచన్న మాటే ఉండదు."

అప్పుడు తెలిసింది నాయుడికి, చేపలు ఎందుకు రావడం లేదో. నీళ్ళలో ఉన్న చేపకు వాసనే దారి చూపిస్తుంది. ఆ వాసన కాస్తా పోయేదాకా కడిగేశాక, అది రొయ్యని దానికెవరు చెబుతారు? కారణం వలలు కాదు, పాలెం కాదు. రాజుగారి ముక్కు. దానికి తోడు తన నోరు.

అతనికి ముద్ద దిగలేదు. అలాగని ఆమె పెట్టిన అన్నం వదిలి లేవలేడు. ఆకులో ఒక్క మెతుకు మిగలకుండా, తల దించుకుని మొత్తం తిన్నాడు. అంత రుచిగల కూర అంత కష్టంగా తిన్నవాడు మరొకడుండడు.

ఉన్న సంగతి రాజుతో సూటిగా చెబితేనో? "రొయ్యలు అంతగా కడిగిందెవరు?" అని వంటవాళ్ళ మీద విరుచుకుపడతాడు. "తమరే కడగమన్నారు" అంటే చెప్పినవాడి తల ఎగురుతుంది. పైగా మిగిలిన ఎరల మీద కూడా కాపలా పెడతాడు. ఆ కాస్త కూడూ పోతుంది. చాలాసేపు ఆలోచించి, నాయుడు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"అమ్మా, రేపు కూడా ఇదే పులుసు కాస్తావా? ఒక్క రొయ్యకు మాత్రం దారం తియ్యకుండా వదిలెయ్యి. నేనొక అతిథిని తీసుకొస్తాను."

"సుట్టమా బాబూ?"

"అలాంటివాడే. భోజనప్రియుడు," అన్నాడు నాయుడు, ఆమె ముఖంలోకి చూడకుండా.

మర్నాడు పొద్దున కొలువు తీరగానే తవిటినాయుడు లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చెప్పకపోతే రాజద్రోహం, చెబితే ప్రాణాలకు గండం. ఇసుకపాలెంలో రొయ్యల పులుసు ఉడుకుతోంది."

కొలువంతా గగ్గోలైంది. రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. "మా ఆజ్ఞ ఉండగానా? పల్లకి తెమ్మనండి! మా కళ్ళతో చూసి, అక్కడికక్కడే తీర్పు చెబుతాం!"

పల్లకీ, ఈటెలు, కాహళాలు, మంత్రి, దండనాయకుడు అంతా కలిసి పోలమ్మ గుడిసె ముందు దిగారు. పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఈటెల్ని చూసింది, రాజును చూసింది. ఆ వెనక నిలబడ్డ నాయుణ్ణి చూసింది. పిల్లాణ్ణి చంకకెత్తుకుని గట్టిగా పట్టుకుంది. ఆ చూపుకి నాయుడు అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననుకున్నాడు.

కుండ బయటకు తెచ్చి రాజు ముందు పెట్టారు. మూత తియ్యగానే ఆవిరితోపాటు పులుసు వాసన గుప్పున లేచింది. ఈటెలు పట్టుకున్నవాళ్ళు కూడా గుటకలు మింగారు.

"దొంగరొయ్యలే!" అన్నాడు మంత్రి.

"తొందరపడకండి," అన్నాడు నాయుడు. "రొయ్యను నాలిక మీద వేసుకుని అది ఏ నీటిదో చెప్పగలవారు మన ప్రభువు ఒక్కరే. మనబోటివాళ్ళకేం తెలుస్తుంది?"

అలాంటి విద్య ఒకటి తనకుందని రాజుకు అప్పటిదాకా తెలియదు. అయినా కాదనలేదు. ఒక రొయ్య తీసి నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూశాడు, తెరిచాడు.

"అనుమానం లేదు. ఇది మన మొగ నీటి రొయ్య. నిన్న పట్టిందే. ఈ ఆడదాని చేతులు కట్టండి!"

దారం ఉన్న రొయ్య ఇంకా కుండలోనే ఉంది. బంటు తాడు తీసుకుని పోలమ్మ వైపు కదిలాడు. నాయుడు గబుక్కున అడ్డం వచ్చాడు.

"ప్రభూ! ఒక్క రొయ్య సాక్ష్యం మీద తీర్పు చెప్పారన్న మాట మీకు రాకూడదు. సాక్షులందరినీ స్వయంగా విచారించారన్న కీర్తి దక్కాలి. పొరుగు రాజుకు ఈ సంగతి తెలిస్తే కుళ్ళిపోడూ?"

పొరుగు రాజు పేరెత్తాక ఇంకేముంది! రాజు రెండో సాక్షిని విచారించాడు. మూడో సాక్షిని విచారించాడు. విచారణ ఆయనకు బాగా నచ్చినట్టుంది, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "దీని మాట కూడా అదే," "ఇదీ అదే చెబుతోంది," అంటూ వేళ్ళు నాక్కుంటూ ఒక్కొక్కటే తింటున్నాడు. నాయుడు పక్కనే నిలబడి, "ఆహా, ఎంత సూక్ష్మదృష్టి! ఇంకొక్కటి ప్రభూ!" అని పొగుడుతున్నాడు. ఆనాడు అనాలోచితంగా పొగిడి చెడగొట్టినవాడు, ఈనాడు పనిగట్టుకుని పొగుడుతున్నాడు.

సగం కుండ ఖాళీ అయింది. నాయుడు యథాలాపంగా పోలమ్మ వైపు చూశాడు. ఆమె రాజును చూడటం లేదు, బంటును చూడటం లేదు. కుండలోకి వెళ్ళి వస్తున్న ఆ చేతినే చూస్తోంది. అప్పుడు గాని నాయుడికి తట్టలేదు, ఆ కుండ ఎవరి మధ్యాహ్నపు కూడో.

సరిగ్గా అప్పుడే రాజు నమలడం ఆపాడు. నోట్లో ఏదో అడ్డం పడింది. వేళ్ళు పెట్టి లాగాడు. పళ్ళ సందులోంచి సన్నగా, పొడుగ్గా, ఎర్రటి పట్టుదారం బయటికి వచ్చింది.

రోజూ ఆ దారం కట్టే బంటు వెనక్కి వెనక్కి జరిగి పల్లకీ చాటుకు పోయాడు.

"ఇది... మా గాలం దారం," అన్నాడు రాజు.

"అవును ప్రభూ," అన్నాడు నాయుడు మోకాళ్ళ మీద కూర్చుని. "ఇది మొగ నీటి రొయ్య కాదు. పొరుగు రాజుగారి అంగట్లో మనం కొన్నది. నీచు పోయేదాకా కడిగి, తమ గాలానికి కట్టి, సాయంత్రం ఇసకలో పారేసినది. వాసన లేని రొయ్యను చేపలు రొయ్యని పోల్చుకోలేకపోయాయి. ఆకలిగా ఉన్నవాళ్ళు పోల్చుకున్నారు. ఇన్నాళ్ళూ ఎరకు ఏమీ చిక్కలేదని తమరు బెంగపడ్డారు. ఇవాళ చిక్కింది. ఈ రాజ్యంలో అంతకన్నా పెద్ద చేప లేదు ప్రభూ."

మంత్రి ఆకాశంలో మబ్బులు చూడసాగాడు. దండనాయకుడి చెయ్యి కత్తిపిడి మీదకు వెళ్ళింది. రాజు ముఖం కెంపులా ఎర్రబడింది. ఆయన పోలమ్మ వైపు తిరిగాడు.

"మేం పారేసిన ఎర నువ్వు తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నాను మారాజా. తప్పే. ఇంకెప్పుడూ ముట్టుకోను," అంది పోలమ్మ.

రాజు కుండలోకి చూశాడు. అడుగున కాస్త పులుసు, నాలుగు రొయ్యలు కనిపించాయి. గుడిసె లోపల తలుపు సందులోంచి పిల్లల కళ్ళు కనిపించాయి.

"పిల్లలు తిన్నారా?"

"ఇంకా నేదు బాబూ," అంది ఆమె. "తవరు తిన్నాక తింటారు."

ఆమె ఎత్తిపొడవాలని అన్నది కాదు. ఇంటికొచ్చినవాళ్ళు తిన్నాకే ఇంట్లోవాళ్ళు తినడం ఆ పాలెం మర్యాద. ఆ మర్యాదే రాజును తలెత్తుకోలేకుండా చేసింది.

సిగ్గన్నది రాజుగారికి అలవాటు లేని వస్తువు. దాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆయనకు తెలియలేదు. కిరీటం సర్దుకున్నాడు. మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పులుసంటిన తన వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. సేవకుడొకడు పరుగెత్తుకొచ్చి పన్నీటి గిండి ముందు పెట్టాడు.

"వద్దు. ఈ వాసన మాకు కొంతకాలం ఉండనీ," అన్నాడు రాజు.

ఆ గుమ్మంలోనే చాటింపు వేసేవాణ్ణి పిలిచి ఆజ్ఞ ఎత్తివేయించాడు. పోలమ్మకు చేతులు జోడించబోయి, ఎలా జోడించాలో తెలియనట్టు ఆగి, తల వంచాడు. తిరిగి వెళ్ళేటప్పుడు పల్లకి ఎక్కలేదు. ఆ ఇసకలో నడిచి వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక నాయుడు ఒక్కడూ మిగిలాడు. "నన్ను క్షమించమ్మా. అసలా నిషేధమే నా నోటి నుంచి ఊడిపడింది. నవ్వించడానికని అన్నాను," అని ఉన్నదంతా చెప్పేశాడు.

పోలమ్మ అంతా వింది. పిల్లాణ్ణి కిందికి దింపింది.

"ఆ మాట సరే బాబూ. తెలీక అన్నావు. మరి నిన్న నీకన్నీ తెలుసు గదా. నాకో మాట సెప్తే నాను ఒద్దందునా? రాజుని పట్టడానికి నన్ను ఎరేసావా?"

జీవితంలో ఎదురుమాట దొరకకపోవడం అతనికి అదే మొదలు. ఇంత తెలివైన ఎత్తు వేసినవాడికి, ఎరకు కూడా ప్రాణముంటుందన్న సంగతి తోచలేదు. చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. పోలమ్మే చివరికి, "ఎల్లు బాబూ, ఎండెక్కిపోతంది," అంది.

కొన్నాళ్ళకు మొగ దగ్గర పడవలు మళ్ళీ తిరుగుతున్నాయి. రాజు పందిరీ పరివారమూ లేకుండా వచ్చి, కడగని రొయ్య తలకాయను తన చేత్తోనే ముల్లుకు గుచ్చి గాలం వేశాడు. కాసేపటికే బెండు మునిగింది. లాగితే, పడింది పండుగప్ప కాదు, అరచేతిలో పట్టే జెల్ల. పైగా అది తన రెక్కముల్లుతో ఆయన బొటనవేలిని పొడిచింది కూడా. రాజు వేలు నోట్లో పెట్టుకుని, అంతటి నిలువెత్తు చేపను చూసుకుని పగలబడి నవ్వాడు.

మర్నాడు కొలువులో, కట్టుకట్టిన బొటనవేలు అందరికీ చూపించి, పాలెంలో జరిగినదంతా తనే చెప్పాడు. "మేం చేసిన సాక్షుల విచారణ" అన్నచోట తనే నవ్వాడు. చెప్పడం అయ్యాక నాయుణ్ణి పిలిచి, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

నాయుడు వేలి నుంచి కెంపుటుంగరం ఊడదీసి సింహాసనం మెట్టు మీద పెట్టాడు.

"దీన్ని వెనక్కి తీసుకోండి ప్రభూ. ఆ రోజు మీరు ఆజ్ఞ ఇస్తున్నప్పుడు, ఇది హాస్యమని చెప్పడానికి నాకు వ్యవధి ఉంది. ఉంగరం పోతుందని చెప్పలేదు."

రాజు నవ్వు ఆగింది. ఆయన ఉంగరాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూశాడు.

"హాస్యమాడినవాడు ఉంగరంతో బయటపడ్డాడు. మరి దాన్ని నమ్మి ఆజ్ఞ ఇచ్చినవాడి సంగతో?"

"ఆయన ఇసుకపాలేనికి సగం కుండ పులుసు బాకీ ఉన్నారు ప్రభూ."

రాజు సింహాసనం చేతుల మీద చరుస్తూ నవ్వాడు. ఆ నవ్వులో కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. ఎందుకొచ్చాయో ఆయనకు తెలుసు, నాయుడికి తెలుసు. ఆ పూటే వంటశాలలో గుండిగలు పొయ్యెక్కాయి. సగం కుండ బాకీకి పాలెమంతటికీ చాలినంత పులుసు వెళ్ళింది. గుండిగల వెంట రాజు నడిచి వెళ్ళి, అందరూ తిన్నాక తను తిన్నాడు. ఉంగరం వెనక్కి తీసుకున్నాడు గాని, నాయుడికి తను కప్పుకున్న శాలువా తీసి కప్పాడు. "ఇది ఏ మాటకని ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పు" అన్నాడు.

పోలమ్మ మాత్రం రాజుగారి వంట రుచి చూసి, "కడిగి కడిగి రొయ్యకున్న రుచంతా పోగొట్టీసేరు," అని పెదవి విరిచింది.

తవిటినాయుడి వేలి మీద ఉంగరం తాలూకు తెల్లటి గీత చాలాకాలం ఉండి, మెల్లగా చెరిగిపోయింది. అతను అటువైపు వెళ్ళినప్పుడల్లా పోలమ్మ పిలిచి అన్నం పెట్టేది. ఏ లోటూ చేసేది కాదు. అయితే ఆకు వేసేముందు ప్రతిసారీ గుమ్మం బయటికి ఒకసారి తొంగి చూసి అడిగేది.

"ఇయ్యేల సుట్టాలెవులైనా ఒత్తన్నారా బాబూ?"

"లేదమ్మా, నేనొక్కణ్ణే," అని తవిటినాయుడు తల దించుకుని కూర్చునేవాడు.